పచ్చిలోంచి పాచి

తెలుగులో కొన్ని మాటలకు మర్యాద దక్కదు. పాచి అలాంటిది. పాచి వాకిలి, పాచి మొహం, పాచి పళ్ళు, పాచి అంట్లు. ఎక్కడ చేరినా పక్కమాటను నాలుగు మెట్లు కిందికి దించుతుంది. 2016లో కాకినాడ సభలో పవన్ కల్యాణ్ కేంద్రం ఆంధ్రప్రదేశ్‌కు ప్రకటించిన ప్రత్యేక ప్యాకేజీని పాచిపోయిన లడ్డూలన్నారు. వాదన సగం ఆ విశేషణమే చేసిపెట్టింది.

ఛత్తీస్‌గఢ్‌లో, బస్తర్‌లోని జగదల్‌పూర్‌లో చేపల తొట్టి పెట్టుకున్న తెలుగువాడికి ఈ మాట ఇంకో దారిలో ఎదురవుతుంది. నాది పెద్ద తొట్టేం కాదు. రెండడుగుల గాజు తొట్టి, అడుగున ఇసుక, నాలుగు రకాల నీటిమొక్కలు, కొన్ని చిన్న చేపలు. అద్దం మీద ఆకుపచ్చ పొర కమ్మితే ఇక్కడి దుకాణంలో ‘కాయీ జమ్ గయీ హై’ అంటారు. వాళ్ళిచ్చే మందు సీసా మీద ‘ఆల్గే’ అని ఉంటుంది. పిల్లల జీవశాస్త్రం పుస్తకంలో అది ‘శైవలం’. ఖమ్మం నుంచి వచ్చిన మా అత్తయ్య తొట్టిని ఒక్క చూపు చూసి ‘పాచి పట్టిందిరా’ అని తన పని తాను చూసుకుంది. ఈ నాలుగు మాటల్లో ఏది పనికొస్తుందంటే నేను అత్తయ్య వైపు. అయితే ఆ మాట ఒకచోట మనల్ని దారి తప్పిస్తుంది కూడా. అసలు చర్చ అక్కడుంది.

ముందు హోదాల సంగతి. శైవలానికి సంస్కృతంలో మంచి పీటే వేశారు. నదికి శైవలిని అని పేరు. కాళిదాసు శకుంతల అందాన్ని చెప్పేచోట తామరను అల్లుకున్న శైవలానికి చోటిచ్చాడు. ప్రబంధ కవులు నాయిక నూగారును దానితో పోల్చారు. మన వృక్షశాస్త్ర పాఠ్యపుస్తకాలు ఈ మాటనే ఎత్తుకుని ఆకుపచ్చ శైవలాలు, గోధుమ శైవలాలు, ఎర్ర శైవలాలు అని వరస కట్టాయి. నాచుది నడిమి అంతస్తు. దారాలుగా జడలుగా పెరిగి, పట్టి లాగితే చేతికొచ్చేది నాచు. గోటితో గీకితే గోటికింద చేరేది పాచి. మాట్లాడేటప్పుడు రెండూ కలిపేస్తాం గానీ బావి గట్టు మీద కాలు జారినవాడు తిట్టేది పాచినే.

వ్యవసాయ శాఖవారు వరి రైతుకు సిఫారసు చేసే ‘నీలి ఆకుపచ్చ నాచు’ మరీ చిత్రం. అది నాచూ కాదు, శైవలమూ కాదు. సయనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవి. గాలిలోని నత్రజనిని పట్టి మడికి ఇస్తుంది. దాని దగ్గరి చుట్టమే చేపల తొట్టిలో ఇసుక మీద జిగురుపొరగా పరుచుకుని బురద కంపు కొడుతుంది. రైతు పొట్లం కొనుక్కుని మరీ తెచ్చి చల్లుకునేదాన్ని తొట్టి యజమాని వదిలించుకోలేక జుట్టు పీక్కుంటాడు. పంటా కలుపూ అన్న తేడా మొక్కలో లేదు, మన అవసరంలో ఉంది.

ఇక పాచి పుట్టుక. టి. బరో, ఎం.బి. ఎమెనో 1961లో తెచ్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1984లో రెండో కూర్పు) ఈ మాటను పచ్చ కుటుంబంలో వేసింది. అంటే పచ్చ, పచ్చి, పచ్చిక, పసి, పసరు, పసుపు, పసిడి దీని తోబుట్టువులు. తమిళంలోనూ పాసి అంటే ఇదే, కన్నడంలోనూ పాచే. హ్రస్వం దీర్ఘమవడం మన భాషలకు కొత్త కాదు. కరిమబ్బులో కరి కారుమబ్బులో కారు అయినట్టు, పచ్చలోని పకారం పాచిలో సాగింది. ఈ కుటుంబంలో ఒక్కొక్కరే వచ్చి నిలబడితే ఎవరి మొహం చూసినా లేతదనమే. ఉడకనిది పచ్చి, ఎదగనిది పసి, ఆకు నలిపితే కారేది పసరు, వాన పడగానే మొలిచేది పచ్చిక. ఒక్క పాచే ముసలిదై కూర్చుంది.

ఈ నిఘంటువుకు బస్తర్‌తో ఉన్న లంకె ఇక్కడ చెప్పుకోవాలి. బరో అంతకుముందే సుధీభూషణ్ భట్టాచార్యతో కలిసి పర్జీ భాష మీద 1953లో పుస్తకం తెచ్చాడు. పర్జీ అంటే జగదల్‌పూర్ చుట్టుపక్కల, కాంగేర్ లోయ అడవుల్లో ధుర్వా జనం మాట్లాడే ద్రావిడ భాష. బస్తర్‌కు తెలుగుతో చుట్టరికం అంటే మనవాళ్ళు వెంటనే 1323లో ఓరుగల్లు పడ్డాక అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం పెట్టాడన్న కథ ఎత్తుకుంటారు. రాజుల కథ వచ్చేదాకా ఆగక్కర్లేదు. మన పచ్చా పాచీ ఎక్కణ్ణించి వచ్చాయో తేల్చేవాళ్ళకు గోండీ, పర్జీ మాట్లాడే ఈ అడవి పల్లెల సాక్ష్యం కావలసి వచ్చింది. రాజవంశం కన్నా పాత చుట్టరికం అది.

లేత కుటుంబంలో పుట్టిన మాటకు ముసలి అర్థం ఎలా అంటుకుంది? పాచి వాకిలిలో ఆకుపచ్చగా ఏమీ ఉండదు. నిన్న సాయంత్రం ఊడ్చిన వాకిలే, ఎవరూ తొక్కను కూడా లేదు. దాని మీదుగా ఒక రాత్రి గడిచింది, అంతే. పాచి మొహానిదీ అదే కథ. నా లెక్కలో నీళ్ళ మీది పాచికీ వాకిలి పాచికీ మధ్య వంతెన పన్ను. చెరువు రాయి మీద పట్టేదీ రాత్రి గడిచేసరికి పంటి మీద పట్టేదీ చేతికి ఒకే తీరున తగులుతాయి. జిగటగా, జారుడుగా. పంటి పొరను పాచి అన్నాక, పళ్ళు తోముకోని నోరు పాచినోరైంది, కడుక్కోని మొహం పాచిమొహమైంది, ఊడ్వని ఇల్లు పాచి ఇల్లైంది. అక్కణ్ణించి ఒక్క అడుగు వేస్తే పాచిపోయిన కూర. తెలంగాణలో పాసిపోయింది అంటారు.

రాతి పొరకూ పంటి పొరకూ ఒకే పేరు పెట్టినవాళ్ళకు సూక్ష్మదర్శిని లేదు. అయినా గురి తప్పలేదు. నీళ్ళలో పెట్టిన గాజు మీద మొదట, కొన్ని గంటల్లోనే, కంటికి కనపడని సేంద్రియ పొర అంటుకుంటుంది. దాని మీద బ్యాక్టీరియా కాపురం పెట్టి జిగురు చిమ్ముతుంది. ఆ జిగురు పట్టుకుని డయాటములనే సూక్ష్మ శైవలాలు, వాటి వెనక ఆకుపచ్చ శైవలాలు చేరతాయి. పంటి మీదా మొదటి మెట్లు ఇవే, వెలుతురు లేదు కాబట్టి ఆకుపచ్చ దాకా పోదు. పంటి పాచిని తీయకపోతే గట్టిపడి గార అవుతుంది. తొట్టి అద్దం మీద చిన్న చిన్న ఆకుపచ్చ చుక్కలుగా గట్టిగా పట్టే రకం ఒకటుంది, స్పాంజితో రుద్దితే పోదు, బ్లేడుతో గీకాలి. ఇంగ్లీషులో దానికి ఏ పేరున్నా నేను గార అనే అంటాను. మొక్కలకు ఫాస్ఫేటు చాలనప్పుడు ఇది ఎక్కువవుతుందని పెంపకందార్ల అనుభవం.

రాత్రి నిలవున్నదల్లా తెలుగులో పాచి కాదు. చద్ది కూడా రాత్రి నిలవున్నదే. ఒకటి పెట్టి ఉంచినది, రెండోది వదిలేసినది. అన్నంలో నీళ్ళో మజ్జిగో పోసి మూత పెట్టి పడుకుంటే తెల్లారి అది చద్దన్నం. మూత మరిచిపోయి పడుకుంటే పాచిన అన్నం. ఇక్కడ ఛత్తీస్‌గఢ్‌లో చద్దన్నాన్ని బాసీ అంటారు, బోరే బాసీ. 2022లో అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ మే 1న, కార్మిక దినం నాడు, అందరూ బోరే బాసీ తినాలని పిలుపిచ్చారు. కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళకు బాసీ వినగానే పాసి, పాచి గుర్తొచ్చి రెండూ ఒకటేననిపిస్తుంది. ధ్వని దగ్గర, అర్థం దగ్గర. అయినా చుట్టాలు కారు. బాసీని వాసం ఉండటం, రాత్రి నిలవుండటం అనే అర్థమున్న సంస్కృత వస్ ధాతువుకు కడతారు. పాచిది పచ్చ ధాతువు. ఒకటి కాలం నుంచి వచ్చింది, ఒకటి రంగు నుంచి వచ్చింది. చివరికి రెండూ ఒకే వంటింట్లో కలుసుకున్నాయి. శబ్దం పోలికను చూసి వియ్యం కలిపే అలవాటు మనలో చాలామందికి ఉంది కాబట్టి ఈ హెచ్చరిక.

ఇప్పుడు ఆ మాట దారి తప్పించే చోటికి వద్దాం. పాచి అనగానే మనకు మురికి గుర్తొస్తుంది, పాతదనం గుర్తొస్తుంది. అందుకని తొట్టిలో పాచి కనపడగానే మనవాళ్ళు చేసే మొదటి పని చేపల్ని బకెట్లోకి తీసి, ఇసుక ఎత్తి, ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద పిండి, అద్దాలు తోమి, అంతా కొత్త నీళ్ళతో నింపడం. వాకిలి కడిగినట్టు కడుగుతారు. నెల తిరక్కుండా పాచి రెట్టింపై వస్తుంది. ఎందుకంటే తొట్టిలో పాచి పాతదనం రోగం కాదు, కొత్తదనం రోగం. కొత్తగా పెట్టిన తొట్టిలో చేపల విసర్జన నుంచి పుట్టే అమోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా ఇంకా స్థిరపడి ఉండదు. దానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొక్కలు వేళ్ళు పట్టి ఉండవు. మొదటి వారాల్లో గోధుమరంగు పొడిలా డయాటములు పరుచుకుంటాయి, వెనకే ఆకుపచ్చవి. ఫిల్టరును కుళాయి నీళ్ళలో పిండితే క్లోరిన్‌కు ఆ కాస్త బ్యాక్టీరియా కూడా పోయి తొట్టి మళ్ళీ మొదటి రోజుకొస్తుంది. అంటే పచ్చి తొట్టికే పాచి పడుతుంది. వాడుక ముసలిదన్న మాటను వ్యుత్పత్తి పసిది అంటోంది. తొట్టి దగ్గర వ్యుత్పత్తిదే నిజం. ధాతువు పెట్టినవాళ్ళకు అక్వేరియం గురించి తెలిసి కాదు, కాకతాళీయమే. కానీ గుర్తుంచుకోవడానికి ఇంతకన్నా మంచి సూత్రం నాకు దొరకలేదు.

మురికి ఉన్నంత మాత్రాన పాచి పట్టదనడానికి ఇక్కడి ఇంద్రావతి నదిని చూస్తే చాలు. వానాకాలంలో చిత్రకోట్ జలపాతం ఎర్రమట్టి రంగులో దూకుతుంది. ఆ బురద నీళ్ళలో రాళ్ళకు పాచి పట్టే వీలే లేదు, వెలుతురు అడుగుకు పోదు. చలికాలం దాటి నీళ్ళు తేటపడి, పాయలు సన్నబడి, మడుగులు నిలిచాకే రాళ్ళు పచ్చబడతాయి. తేట నీళ్ళూ ఎండా ఉన్నచోట పాచి. బురద ఉన్నచోట లేదు.

కాంగేర్ లోయలోని కుటుమ్సర్ గుహ ఇంకా గట్టి సాక్ష్యం. సున్నపురాతి గుహ, లైటు పట్టుకున్న గైడు వెంట దిగాలి, వానాకాలంలో నీళ్ళు చేరతాయని మూసేస్తారు. లోపలి నీటిగుంటల్లో కళ్ళు చిన్నవైపోయి రంగు వెలిసిన చేప ఉంది. ఇండోరియోనెక్టిస్ ఎవెజార్డి దాని శాస్త్రనామం. పగలూ రాత్రీ లేని చోట దాని కదలికలకు లయ ఎలా ఉంటుందో రాయపూర్ రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయం వాళ్ళు పరిశోధించారు. నీళ్ళున్నాయి, చేపలున్నాయి, వరద తెచ్చిన ఆకుచెత్త ఉంది, గబ్బిలాల రెట్ట ఉంది. ఎరువు కావలసినంత. దీపం చేరని ఆ నీళ్ళలో పాచి మాత్రం పచ్చబడదు. ఫ్రాన్స్‌లోని లాస్కో గుహలో దీనికి తలకిందుల ప్రయోగం జరిగింది, ఎవరూ తలపెట్టకుండానే. 1940లో బయటపడ్డ ఆ ఆదిమ చిత్రాల గుహను 1948లో జనానికి తెరిచి దీపాలు పెట్టారు. సందర్శకుల ఊపిరీ ఆ దీపాలూ కలిసేసరికి గోడలకు ఆకుపచ్చ పాచి పట్టింది. 1963లో మూసేశారు. వేల ఏళ్ళు చీకట్లో శుభ్రంగా ఉన్న గోడ పదిహేనేళ్ళ వెలుతురుకు పాచిపట్టింది.

కాబట్టి తొట్టికి మొదటి మందు స్విచ్చి. చాలామంది ఇంట్లో లైటు వెలిగినంతసేపూ తొట్టి లైటూ వెలుగుతుంది, అందం కోసం. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు, పాచి ఉన్న తొట్టికి ఆరే. టైమరు పెడితే మతిమరుపు బాధ లేదు. కిటికీ ఎండ పడేచోట తొట్టి పెట్టకూడదు. రెండోది మొక్కలు. మొక్కకూ పాచికీ ఆహారం ఒకటే, ముందు తిన్నవాడిదే రాజ్యం. అందుకని మొదటి రోజునే తొట్టి నిండా వేగంగా పెరిగే మొక్కలు నాటాలి. హైడ్రిల్లా, హైగ్రోఫిలా, వాలిస్నేరియా మన దేశపు చెరువుల్లో పెరిగేవే, వాటినే దుకాణంలో కట్టకింత అని కొంటాం. (ఊరి చెరువులోంచి తెచ్చుకుంటే తప్పు లేదు. కాంగేర్ లోయ మాత్రం జాతీయ ఉద్యానం, అక్కడి వాగుల్లోంచి ఆకు తీసినా 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు.) మూడోది వారం వారం మూడో వంతు నీళ్ళు మార్చడం, ఫిల్టరును తీసిన పాత నీళ్ళలోనే పిండటం, వాడిన ఆకులు ఏరడం, చేపలకు మేత తగ్గించడం. నల్లగా గడ్డంలా ఆకు అంచులకు పట్టే రకం, చూడటానికి నల్లనిదైనా నిజానికి ఎర్ర శైవలాల జాతిది, తొట్టిలో కార్బన్ డయాక్సైడ్ ఒకరోజు ఎక్కువా ఒకరోజు తక్కువా అవుతుంటే ముదురుతుంది. అది పట్టిన ఆకును కత్తిరించి పారేయడమే మంచిది.

ఇదంతా వింటే అత్తయ్య దీన్ని చికిత్స అనదు. పాచిపని అంటుంది. తెల్లారగానే ఊడ్చి, చల్లి, అంట్లు తోమే పనికి తెలుగు పెట్టిన పేరు అది. ఆ పని చేసినవాళ్ళకు ఒక సంగతి తెలుసు, అది రేపూ ఉంటుంది. ఇంగ్లీషు పుస్తకాలు ఆల్గే మీద యుద్ధం, గెలుపు, నిర్మూలన అంటాయి. యుద్ధమంటే ఆయుధం కొనాలి, అందుకే సీసాలు అమ్ముడవుతాయి. వాటిలో రాగి లవణాలున్నవి పాచితో పాటు రొయ్యల్నీ నత్తల్నీ చంపుతాయి. చచ్చిన పాచి కుళ్ళి నీళ్ళలో ప్రాణవాయువును తినేస్తుంది, మళ్ళీ అమోనియా, మళ్ళీ పాచి. సీసా వద్దనే నా తీర్పు. జపాన్‌కు చెందిన తకాషి అమానో మొక్కల తొట్టెలకు కళాఖండాల స్థాయి తెచ్చినవాడు. ఆయనా మందు మీద ఆధారపడలేదు, పాచి మేసే చిన్న రొయ్యల్ని దించాడు. ఇప్పుడా రొయ్యకు ఆయన పేరే. పాచిపని రొయ్యకు అప్పజెప్పినా పని మాత్రం రోజూ జరిగేదే.

అయితే ‘పాచి తింటుంది’ అని దుకాణాల్లో అంటగట్టే సక్కర్ చేప జోలికి పోవద్దు. రెండంగుళాల పిల్లగా వస్తుంది, అడుగు దాటి పెరుగుతుంది. పెరిగాక పాచి మానేసి మొక్కల్ని పీకుతుంది. రెండడుగుల తొట్టిలో పట్టక, చంపడానికి మనసొప్పక, దగ్గర్లోని చెరువులోనో కాలువలోనో వదిలేస్తారు. దక్షిణ అమెరికా చేప అది, ఒళ్ళంతా పలకల కవచం. ఆంధ్రప్రదేశ్ చెరువుల్లోకీ కాలువల్లోకీ అలాగే దిగి మత్స్యకారుల వలలు చింపుతోంది.

జగదల్‌పూర్‌లో ఈ భయం దళపత్ సాగర్ గురించి. 18వ శతాబ్దపు రాజు దళపత్ దేవ్ పేరు మీది ఈ చెరువును జలకుంభి, మన గుర్రపుడెక్క, కమ్మింది. మనుషులు దిగీ యంత్రాలు దింపీ తీశారు, మళ్ళీ కమ్మింది. అదీ దక్షిణ అమెరికాదే, పువ్వు బాగుందని 19వ శతాబ్దం చివర్లో మన దేశానికి తెచ్చిన అలంకారపు మొక్క. చెరువు లెక్క తొట్టి లెక్కే, కాకపోతే ఇక్కడ స్విచ్చి లేదు. ఎండను ఆపలేం, ఎరువును ఆపాలి. కెనడాలో డేవిడ్ షిండ్లర్ బృందం 1973లో 226వ నంబరు సరస్సును మధ్యలో తెర కట్టి రెండు చేసింది. రెండు పక్కలా కార్బనూ నత్రజనీ వేసి, ఒక పక్క మాత్రం ఫాస్ఫరస్ కూడా వేసింది. ఫాస్ఫరస్ పడిన పక్క చిక్కగా పచ్చబడింది, రెండోది తేటగా ఉండిపోయింది. ఇళ్ళ మురుగుతో, సబ్బు నీళ్ళతో చెరువులోకి పోయేదాంట్లో ఆ ఫాస్ఫరస్ ఉంటుంది. మురుగు కాలువ మళ్ళించనిదే పైన తేలేది ఎన్నిసార్లు తీసినా కూలి దండుగ.

తొట్టి ఉన్న ప్రతివాళ్ళకూ ఒక మనవి. వారం వారం కత్తిరించిన మొక్కలు, తీసిన నాచు, పెరిగిపోయిన నత్తలు, పట్టని చేపలు, వీటిలో ఏదీ దళపత్ సాగర్‌లోనో ఇంద్రావతిలోనో మీ ఊరి చెరువులోనో మురుగు కాలువలోనో వేయకండి. మొక్కల్నీ నాచునూ ఎండలో కరకరలాడేదాకా ఎండబెట్టి పూలకుండీల మొదట్లో వేయండి. చేపల్నీ నత్తల్నీ దుకాణానికి తిరిగివ్వండి, లేదా తొట్టి ఉన్న ఇంకొకరికి ఇవ్వండి. మార్చిన నీళ్ళు మాత్రం కరివేపాకు మొక్కకు పోయండి, వాటిలో నైట్రేటు ఉంటుంది.